లీటరుకు రెండు కిలోమీటర్లు

సూరన్న ముందుగా దేవుణ్ణి విప్పాడు.

డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు అంత తేలిగ్గా రాలేదు. పద్దెనిమిదేళ్ళ ఎండకి కింద జిగురు రాయిలా బిగుసుకుంది. సూరన్న హ్యాక్సా బ్లేడు ముక్కని కిరసనాయిల్లో ముంచి, విగ్రహం పాదాల కిందుగా దూర్చి, నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఆడించాడు. ఎడమ చెయ్యి పొద్దుటి నించీ లాగుతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తోనే పని కానిచ్చాడు. వినాయకుడు ఊడి అరచేతిలోకి రాగానే తుడిచి, కళ్ళకద్దుకుని, పక్కనున్న గుడ్డ మీద కూర్చోబెట్టాడు.

“అయిపోనాది, రా,” అని కేకేశాడు.

అప్పుడు గాని వాసు గ్యాస్ కట్టర్ వెలిగించలేదు. ఆనందపురం దాటాక హైవే పక్కనున్న ఆ యార్డులో అదొక పద్ధతి. వయసు మీరిన బండ్లని విరగ్గొట్టి ఇనుము చేసే చోటు అది. విశాఖపట్నంలో కొత్త బండి కొన్నవాడెవడైనా సంపత్ వినాయకుడి గుడి ముందు ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి గాని ఇంటికి తీసుకెళ్ళడు. రావడానికి ఇంత తతంగం ఉంది గాని, పోవడానికి ఏ పంతులూ ఏ మంత్రమూ రాసిపెట్టలేదు. ఆ లోటు సూరన్న పూడ్చాడు. దేవుడు దిగనిదే బండి మీద మంట పెట్టకూడదన్నాడు. ఏడేళ్ళ కిందట ఆయన పనిలో చేరిన రోజున మొదలైన ఈ పద్ధతిని యజమాని కూడా కాదనలేదు, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు.

దిగిన దేవుళ్ళంతా రేకుల షెడ్డులో ఒక చెక్క బల్ల మీద ఉంటారు. వినాయకులే వందకు పైన. వాళ్ళ మధ్య వేంకటేశ్వరులు, సింహాద్రి అప్పన్న పటాలు, సాయిబాబాలు, మూడు శిలువలు, బంగారు రంగు పోయిన మక్కా బొమ్మ ఒకటి. శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరు వాళ్ళందరికీ కలిపి ఒకే అగరుబత్తి వెలిగిస్తారు. అది గుచ్చడానికి సరైన చోటు లేక అరటిపండు తొక్కలో గుచ్చుతారు.

సూరన్నకి అరవై ఒకటి. పొట్టి మనిషి. ముప్పయ్యేళ్ళు బానెట్ల కింద వంగి వంగి, నిలబడినా ఏదో వెతుకుతున్నట్టే ఉంటాడు. కుడి బొటనవేలికి గోరు లేదు. అరచేతుల గీతల్లో నల్లనూనె ఎప్పుడో స్థిరపడిపోయింది, చెయ్యి చూసి జాతకం చెప్పేవాడికి పని సులువు. గోపాలపట్నం నించి రెండు బస్సులు మారి ఎనిమిదిన్నరకి యార్డుకొస్తాడు, ఆరుకి వెళతాడు. ఏడేళ్ళలో రెండే రోజులు మానాడు.

“ఇదేటి బావా, దీని కత?” కట్టర్ ఆపి అడిగాడు వాసు. వాసుది జాలరిపేట. అన్నదమ్ములు ఇంకా వేటకెళుతున్నారు. ఇతనికి మాత్రం పడవెక్కితే కళ్ళు తిరుగుతాయి, అందుకే ఇనుము కోస్తాడు. వయసులో పాతికేళ్ళు చిన్నవాడైనా సూరన్నని బావా అనే అంటాడు.

ప్రతి బండికీ సూరన్న దగ్గర ఒక కథ ఉంటుంది. అది విననిదే వాసుకి కట్టర్ ఆడదు.

“ఇదా? దీని పెట్రోలు గొట్టం సూడు. రెండు అయస్కాంతాలు బిగించున్నాయి గదా. అయస్కాంతం మద్దినించి పెట్రోలు ఎల్తే లైన్లో నిలబడి బుద్దిగా మండుతాదనీసి ఒకడు ఊరంతా అమ్మినాడు. ఒక్క బస్తీలో రెండొందలు అమ్మినాడు.”

“మండిందేటి?”

“మండింది. అది లేకపోయినా మండేదే.” సూరన్న ఆ అయస్కాంతాన్ని ఊడదీసి తన స్క్రూల డబ్బాకి అంటించాడు. “దీనికి సరైన పని ఇదీ.”

యార్డులో తిరుగుతుంటే ఒకప్పటి గొప్పలన్నీ వరుసగా పడుంటాయి. అటుపక్కనున్న బులుగు బండి మాట్లాడే బండి. డాక్టరొకాయన విదేశాల నించి తెప్పించాడు. తలుపు సరిగ్గా వెయ్యకపోతే ఒకావిడ గొంతు ఇంగ్లీషులో మందలించేది. ఇంట్లో ఒకరు, బండిలో ఒకరు అయ్యేసరికి ఆయన తట్టుకోలేక వైర్లు పీకించాడు. సరైన వైరు ఏదో తెలియక మెకానిక్ హారన్ వైరు పీకాడు. ఆ తర్వాత ఆ బండి హారన్ కొట్టకుండా మాట్లాడుతూనే తిరిగింది. సూరన్న దాని బ్యాటరీ తీసిన రోజున కూడా తలుపు తెరిచి ఉందని చెప్పే పోయింది.

దాని పక్కన కరెంటు బండి. ఇద్దరు మనుషులు, కింద ఎనిమిది బ్యాటరీలు. సొంతదారు ఉండేది నాలుగో అంతస్తులో. బాల్కనీ నించి కిందకి వైరు వేలాడదీసి రాత్రంతా ఛార్జింగ్ పెట్టేవాడు, తెల్లారి చూస్తే ఆ వైరు మీద కింది వాటా వాళ్ళ చీరలు ఆరుతుండేవి. రుషికొండ దాకా బండి తనే వెళ్ళేది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం తాడు కట్టి తెచ్చుకునేవారు. ఇవాళ రోడ్డు మీద ప్రతి పదో బండీ కరెంటుదే, చప్పుడు లేకుండా పోతోంది. అంటే ఆలోచన తప్పు కాదు. ముందు పుట్టడమే తప్పు.

“ఐడియా తప్పని ఎవుడూ సెప్పలేడొరే,” అంటాడు సూరన్న అలాంటప్పుడల్లా. “ఒక్క బండి మీద నడిచిందనుకో, అది నిజిం. మిగతాయి నడవకపోతే అది మన సేతకానితనం.”

ఆ ఒక్క బండి సంగతి యార్డులో తెలియనివాడు లేడు.

తొంభై ఆరులో, గోపాలపట్నంలో సూరన్నకి సొంత షెడ్డు ఉండేది. ఒకరోజు పొద్దున భార్య ఈశ్వరి పంపు స్టవ్వు వెలిగిస్తుంటే చూశాడు. మొదట కిరసనాయిలు పచ్చగా, పొగ చిమ్ముతూ మండింది. బర్నరు వేడెక్కాక అదే కిరసనాయిలు ఆవిరై నీలం మంట పట్టింది. పొగ లేదు, మసి లేదు. సూరన్న ఆ నీలం మంట వంక చూస్తూ ఇడ్లీ చల్లారబెట్టుకున్నాడు. కార్బురేటర్లోకి పెట్రోలు తుంపరగా కాకుండా ఆవిరిగా వెళితే? ఆ వేడి ఎలాగూ సైలెన్సర్ గొట్టంలో ఊరికే పోతోంది కదా?

ఆ మధ్యాహ్నమే ఈశ్వరి స్టవ్వు విప్పేశాడు. కాళ్ళు కోసి, ఇత్తడి ట్యాంకు లోపల రాగి గొట్టం పద్నాలుగు చుట్లు చుట్టి, రెండు మూతులు బయటికి తీశాడు. ఈశ్వరి ఆ నెలంతా పెరట్లో కట్టెల మీద వండింది. కళ్ళు మండితే తిట్టింది గాని, ట్యాంకు తిరిగి ఇమ్మని మాత్రం అడగలేదు. సరిగ్గా చెప్పాలంటే, లోకంలో ఆ డబ్బాని మొదట నమ్మింది ఆవిడే.

ఆవిరి డబ్బా అని పేరు పెట్టాడు. పదకొండు బండ్లకి బిగించాడు. మొదటిది, ఈశ్వరి స్టవ్వుతో చేసింది, స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్ శ్రీరామ్మూర్తి గారి అంబాసిడర్‌కి. మిగతా పది రేకు డబ్బాలతో చేసి మిగతా పదింటికి. ఆ పదీ నెల తిరక్కుండా వెనక్కొచ్చాయి. ఒక టాక్సీ సింహాచలం ఘాటు సగంలో ఆగిపోతే కొత్త పెళ్ళికొడుకు బాసికంతో సహా దిగి తొయ్యాల్సొచ్చింది. ఇంకో బండి గాజువాక సెంటర్లో తుపాకీ పేలినట్టు పేలితే పోలీసులొచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీ ప్రదర్శనలో ఒక ప్రొఫెసరు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్రోలు ముందే ఆవిరైతే పంపు లాగలేదయ్యా అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. డబ్బా సంగతే చూసుకుంటూ మామూలు రిపేర్లు వదిలేసిన షెడ్డు మూతపడింది. తర్వాత ఇరవయ్యేళ్ళు వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా పనిచేసి సూరన్న ఇక్కడికి చేరాడు.

కానీ శ్రీరామ్మూర్తి గారి డబ్బా వెనక్కి రాలేదు. “లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువిస్తోందయ్యా, సూరన్నా,” అన్నారాయన మొదటి దసరాకి. ప్రతి ఏడూ ఆయుధపూజ రోజున సూరన్న కొబ్బరికాయ పట్టుకుని ఉక్కునగరం క్వార్టరుకి వెళ్ళేవాడు. బానెట్ తెరిచి ఉండేది. లోపల డబ్బా తళతళ మెరుస్తూ, పసుపు కుంకుమలతో, బంతిపూల దండతో ఉండేది. సూరన్న కొబ్బరికాయ కొట్టేవాడు. ఆయన ప్రసాదం చేతిలో పెట్టి ఆ రెండు కిలోమీటర్ల మాట మళ్ళీ అనేవారు. ఆ మాట మోసుకుని సూరన్న ఇంటికొచ్చి ఈశ్వరికి చెప్పేవాడు. ఆవిడ ఆ రాత్రి పరమాన్నం వండేది. కరోనా తర్వాత వెళ్ళడం కుదరక ఫోనులోనే విన్నాడు. కిందటి దసరాకి ఫోను మోగింది గాని ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు పదకొండింటికి క్రేన్ బండి తెచ్చి దింపిన తెల్ల అంబాసిడర్‌ని సూరన్న నంబరు చూసి కాదు, ఎడమ మడ్‌గార్డు మీది సొట్ట చూసి గుర్తుపట్టాడు. చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

వెనకే ఆటోలో ఒకావిడ దిగింది. యాభయ్యేళ్ళుంటాయి, కాటన్ చీర, భుజాన స్కూలు టీచర్లు వేసుకునే సంచి. షెడ్డు వైపు చూసి నవ్వింది.

“సూరన్న గారే కదా? నేను అనూరాధని. శ్రీరామ్మూర్తి గారమ్మాయిని.”

“అమ్మా... నాన్నగారు?”

“కిందటేడు శ్రావణంలో పోయారండి. మీ నంబరు నాన్న ఫోనులో ఉండిపోయింది. చెప్పలేకపోయాం.”

సూరన్న స్పానరు కింద పెట్టి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. చివరికి, “పెద్ద మనిషి,” అన్నాడు.

“చివరి రోజుల్లో కూడా మీ డబ్బా గురించే అండి. బండి ఎవరికైనా ఇచ్చేస్తే, ముందు ఇంట్లోనే ఆ డబ్బా విప్పించి పక్కన పెట్టెయ్యమన్నారు. ఒకటికి రెండుసార్లు చెప్పారు. దాన్ని విప్పడానికి మీకన్నా ఎవరున్నారు? మీరిక్కడ ఉన్నారని తెలిసింది, అందుకే అలాగే తెచ్చేశాను.” ఆవిడ ముఖంలో మంచిపని చేసిన వెలుగు. “చిన్నప్పటి నించీ దానితో నాకు స్నేహమండి. ఆయుధపూజ ముందురోజు నాన్న నా చేతికి చింతపండు ఇచ్చి, సూరన్న వస్తాడు, తోమమ్మా అనేవారు. నా చేతులు పులిసిపోయేవి.”

సూరన్న కళ్ళు తడిశాయి. కార్లని చూసి ఇంత నవ్వే మనిషి, తన డబ్బాకి చింతపండు పట్టించేవారని వింటే నవ్వలేకపోయాడు. వాసు దూరం నించి చూసి కట్టర్ ఆర్పేశాడు.

యార్డు మేనేజరు తిరుమలరావు కాగితాల మీద సంతకాలకి అనూరాధని ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాడు. సూరన్న డ్యాష్‌బోర్డు మీది అప్పన్న పటాన్ని విప్పి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత బానెట్ ఎత్తాడు.

అది అక్కడే ఉంది. దుమ్ము కింద ఇత్తడి ఇంకా పసుపుపచ్చగానే ఉంది. ఎప్పటిదో కుంకుమ బొట్టు నల్లబడి అంటుకుని ఉంది. కాళ్ళు కోసిన మచ్చలు మూడూ అలాగే ఉన్నాయి. ట్యాంకు అంచున పెళ్ళికి పెట్టేటప్పుడు చెక్కించిన ఈశ్వరి పేరు, పొడి అక్షరాల్లో, సగం అరిగిపోయి. సూరన్న దాని మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత తన డబ్బా మీద తను స్పానరు పెట్టడం ఇదే మొదటిసారి.

ఆ సంగతి అప్పుడే తట్టింది. అంతకు ముందెప్పుడూ తట్టలేదు. వెళ్ళింది ప్రతిసారీ ఆయుధపూజ రోజున. ఆ రోజున పనిముట్టు ఎత్తకూడదు. స్పానరూ, స్క్రూడ్రైవరూ అన్నీ దేవుడి ముందు పడుకుని ఉంటాయి. పూజ చేసిన యంత్రాన్ని విప్పడం మాట అటుంచి, దండ పక్కకి జరిపి చూడడం కూడా తప్పే. మెకానిక్ అనేవాడు ఏ రోజునైతే కళ్ళతో తప్ప చేతులతో చూడకూడదో, సరిగ్గా ఆ రోజునే ఇరవై నాలుగేళ్ళు వెళ్ళి చూసొచ్చాడు.

పట్టీ నట్లు విప్పి డబ్బాని కొద్దిగా ముందుకి లాగాడు. దాని వెనక, ఇంజనుని ఆనుకుని, నల్ల టేపు చుట్టిన రబ్బరు గొట్టం ఒకటి కనిపించింది. అది తను పెట్టింది కాదు. వేలితో దాన్ని వెంబడించాడు. పెట్రోలు పంపు దగ్గర మొదలైంది. డబ్బా వెనకగా తిరిగింది. నేరుగా కార్బురేటర్లోకి వెళ్ళింది. తన రాగి గొట్టం రెండు కొసలూ ఆ టేపు కింద దేనికీ తగలకుండా దాక్కుని ఉన్నాయి.

డబ్బా బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒక మూతికి చెక్క బిరడా ఉంది. చుట్టూ కాగితం చుట్టి గట్టిగా దిగగొట్టారు. కటింగ్ ప్లేయర్‌తో లాగితే వచ్చింది. కాగితం విప్పాడు. రోజుకొకటి చింపే క్యాలెండరు కాగితం. అంచులు మాడి గోధుమరంగు తిరిగాయి గాని అంకె చక్కగా కనిపిస్తోంది. పదకొండు. జూన్, పంతొమ్మిదివందల తొంభై ఆరు. మంగళవారం.

డబ్బా బిగించింది జూన్ రెండున, ఆదివారం. ఆ తారీఖు సూరన్నకి పెళ్ళిరోజుకన్నా బాగా గుర్తు.

తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు నడిచింది, లేదా నడవలేదు. పదో రోజున ఆ పెద్దాయన ఎవరో మెకానిక్‌ని పిలిచి, డబ్బాని పక్కకి తప్పించి, తప్పించినట్టు కనబడకుండా టేపు చుట్టించారు. ఆ తర్వాత ఏడాదికోసారి కూతురు చేత తోమించారు.

సూరన్నకి కోపం వస్తుందేమో అని చూసుకున్నాడు. రాలేదు. సిగ్గు వచ్చింది, చెవులు కాలిపోయేంత సిగ్గు. ఒక మనిషి తన ముఖం చూసి, వీడికి నిజం చెప్పకూడదు అనుకున్నాడు. ఒకసారి కాదు, దసరా దసరాకీ అనుకున్నాడు. ఆ ముఖం ఎంత దీనంగా ఉండి ఉంటుంది! యార్డులోని బండ్లన్నిటినీ చూసి ఇన్నాళ్ళూ నవ్వాడు. మాట్లాడే బండి నిజంగా మాట్లాడింది. కరెంటు బండి రుషికొండ దాకా అయినా వెళ్ళింది. అయస్కాంతం స్క్రూలైనా పట్టుకుంది. అన్నిటికన్నా పెద్ద నవ్వులాట తన ఒళ్ళో ఉంది. దీన్ని చూసి నవ్వేవాడు లేకపోవడానికి కారణం, చూసినవాడు జాలిపడ్డాడు, అంతే.

“సూరన్న గారూ, విప్పేశారా!” అనూరాధ వచ్చేసింది. కాగితం పిడికిట్లోకి పోయింది. “ఎంత బావుందో చూడండి ఇంకా. ఒక్క ఫోటో తీసుకోనా, మీతో?”

సూరన్న లేచి నిలబడ్డాడు. బిరడా ఊడిన మూతి మీద గోరు లేని బొటనవేలు పెట్టి మూసి, డబ్బాని గుండెకి ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ ఫోను ఎత్తింది.

“నవ్వండి. ఆఁ, అలాగే. మా వారు ఎప్పుడూ నమ్మలేదండి. నిజంగా రెండు కిలోమీటర్లు వచ్చేవా?”

“మీ నాన్నగారు అబద్దం ఆడతారేటమ్మా,” అన్నాడు సూరన్న.

ఆవిడ వెళ్ళిపోయింది. డబ్బా మీరే ఉంచుకోండి అంది, అదే నాన్న కోరిక అయి ఉంటుందని కూడా అంది. వాసు క్యారియర్ విప్పి చేపల పులుసు వాసన షెడ్డంతా నింపాడు. సూరన్న తినలేదు. గుండెల్లో మంటగా ఉందని సోడా తాగాడు.

“ఏటి బావా, ఏటైనాది? అంబాసిడర్ కత సెప్పవేటి?”

“కతేటుంది. నడిచింది, ఆగిపోనాది.”

వాసు ఒక్క క్షణం ముఖంలోకి చూశాడు. తర్వాత తన పళ్ళెంలో ముక్క ఒకటి తీసి సూరన్న క్యారియర్ మూతలో పెట్టాడు, తినకపోతే పోయాడు అన్నట్టు.

మధ్యాహ్నమంతా సూరన్న పని చేశాడు. రేడియేటరు దింపాడు. వైర్లు కట్టలు కట్టాడు. ముందు సీటు, ఇద్దరూ ముగ్గురూ కూర్చునే ఆ పొడవాటి సీటుని వాసు సాయంతో దింపి షెడ్డు గోడకి చేర్చాడు. నాలుగున్నరకి వాసు అంబాసిడర్ పైకప్పు కోయడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు వర్షంలా రాలుతుంటే సూరన్న అటు చూడకుండా వెళ్ళి ఆ సీటు మీదే కూర్చున్నాడు. డబ్బా పక్కన పెట్టుకున్నాడు. ఫోను మోగింది. ఈశ్వరి.

“మావా, శ్రీరామ్మూర్తి గారి బండి వచ్చినాదంట గదా? వాసు ఫోన్ సేసి సెప్పినాడు. మద్దేనం నించీ ఎదురు సూత్తన్నాను, నువ్వు సెయ్యవేటి?”

“పనిలో ఉన్నానే.”

“నా స్టవ్వు ఎలాగుంది?”

సూరన్న పక్కకి చూశాడు. పొద్దువాలు ఎండ ఇత్తడి మీద పడింది.

“బాగుంది. ఏటీ కాలేదు దానికి.”

“నడిచిందా?”

ఇప్పుడు ఆ పెద్దాయన గొంతు సూరన్నకి వినబడింది. ఏడాదికోసారి, ప్రసాదం చేతిలో పెడుతూ, కళ్ళలోకి చూడకుండా దండ సవరిస్తూ ఆయన అనే మాట. అది అనడం ఎంత కష్టమో ఇన్నాళ్ళకి తెలిసింది. అనకుండా ఉండడం ఇంకా కష్టమని కూడా.

“నడిచిందే. ఆకరి రోజు దాకా నడిచింది. విప్పి సూసినాను గదా. గొట్టం లోపల మసి లేదు. నీలం మంటే.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“నాను సెప్పలేదేటి? నా స్టవ్వది. నడవదేటి మరి! ఇంటికి తెచ్చీ మావా. సింతపండెట్టి తోమి దేవుడి కాడ ఎట్టుకుంటాను.”

తోమితే ఆవిడకి తెలిసిపోతుంది. ఆ ట్యాంకు మీద ప్రతి చిల్లూ, ప్రతి సొట్టా ఆవిడ చేతికి తెలుసు. టేపు జిగురు మరక చూస్తుంది, మూతిలో వేలు పెడుతుంది, చెక్క పొడి వస్తుంది. ఇదేటి మావా అంటుంది.

“ఆళ్ళమ్మాయి అట్టుకెల్లిపోనాదే,” అన్నాడు సూరన్న. “నాన్నగారి గుర్తంట. ఇవ్వనంటే బాగుండదు గదా.”

“పోనీలే,” అంది ఈశ్వరి. “ఆళ్ళయితే బాగా సూసుకుంటారు. నువ్వు బేగొచ్చీ. పరమాన్నం వండుతన్నాను.”

ఫోను జేబులో పెట్టుకుని సూరన్న లేచాడు. షెడ్డులోకి వెళ్ళి, చెక్క బల్ల మీద వినాయకుల వరుసని అటూ ఇటూ జరిపి, వెనకగా ఉన్న ఖాళీలో ఇత్తడి ట్యాంకుని పెట్టాడు. ముందు అప్పన్న పటాన్ని ఆనించాడు. క్యాలెండరు కాగితాన్ని వాసు కోసి పడేసిన ఇనుము మీదికి విసిరితే, అది వేడి అంచుకి తగిలి ముడుచుకుపోయింది. తిరిగొచ్చి సీటు మీద, డ్రైవరు వైపు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అయిదు ముప్పావుకి వాసు కట్టర్ ఆర్పి, ముఖం కడుక్కుని వచ్చాడు. “బావా, బస్సు టైమైనాది. లేగు.” సూరన్న తల పక్కకి వాలి, ఆ పాత రెక్సిన్ మీద ఆని ఉంది. కళ్ళద్దాలు ముక్కు కొసకి జారాయి. వాసు నవ్వుతూ భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. తర్వాత ఆ ముందు సీటు మీదే, అతని పక్కన, కూర్చుండిపోయాడు.

సూరన్న మధ్యాహ్నం నించి ఏం తిన్నాడని ఈశ్వరి అడిగితే వాసు సోడా సంగతి చెప్పలేదు. చేపల పులుసుతో కడుపునిండా తిన్నాడని చెప్పాడు. దహనం అయ్యాక మూడో రోజున పనికొచ్చి అంబాసిడర్ మిగతా భాగం కోశాడు. ముందు సీటుని మాత్రం ఇనుము లారీ ఎక్కించనివ్వలేదు. మధ్యాహ్నం అన్నం దాని మీదే కూర్చుని తింటున్నాడు. బండ్ల కథలు చెప్పేవాడు లేక యార్డులో కట్టర్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. కొత్తగా చేరిన వెంకటేష్ దేవుణ్ణి విప్పడం ఎందుకని అడిగితే, అది పద్ధతి అన్నాడు వాసు.

శుక్రవారం వచ్చింది. అగరుబత్తి వెలిగించడం వెంకటేష్ వంతు. అరటిపండు తొక్క కోసం వెతికి, దొరక్క, దేవుళ్ళ వెనక దుమ్ములో ఏదో పచ్చగా మెరిస్తే బయటికి లాగాడు. ఇదేటో తెలీదు గాని బాగుంది అనుకుని, తుడిచి, అందరికన్నా ముందు వరుసలో పెట్టాడు. అగరుబత్తి దాని మూతిలో కదలకుండా నిలబడింది. సన్నటి పొగ పైకి లేస్తుంటే, బూడిద రాలి ఆ ఇత్తడి అంచున సగం అరిగిన పేరు మీద కొంచెం కొంచెంగా పడింది.